మెత్తటి మందు

పేరుకి గ్లాస్గో, ఊరు మాత్రం మోంటానాలోది.
డిసెంబరు గాలి ఇంటి చుట్టూ తిరిగి
తలుపు గొళ్ళెం కదిపి చూసి పోతుంది.
నేను నేలమాళిగలో, ఒంటి బల్బు కింద,
స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని
మొగుడికి మందు పెడుతుంటాను.

నవ్వకండి. ఉన్న మాటే.

హాల్వర్ పైన నిద్రపోతుంటాడు, అనుకుంటాను.
ముప్పై ఒక్కేళ్ళు గూడ్సు బళ్ళకి బ్రేకులు బిగించిన చెయ్యి
ఇప్పుడు ఊరగాయ జాడీ మూత దగ్గర
ఆగి ఆలోచిస్తోంది.
డాక్టరిచ్చిన మాత్రలు సొరుగులో భద్రం,
ఎన్ని ఇచ్చాడో అన్నీ.
మాగ్నమ్ మాత్రం అమ్మడట.
"పేలితే భుజం దాకా తెలియాలి" అంటాడు.
ఆదివారం రాత్రి మణికట్టుకి మంచు సంచి కట్టుకుని
నాకు కనపడకుండా అటు తిరిగి పడుకుంటాడు.

అందుకని అక్టోబరు నుంచి
పెట్టె అదే, పెట్టె మీద తన చేతిరాతా అదే,
లోపలి సంగతి వేరు.

ఖాళీ ఇత్తడి తొడుగులు అక్రోటు పొట్టులో పొర్లి
మెరిసేదాకా ఆగుతాను.
ప్రెస్సు మీట కిందికి: పాత ప్రైమరు టప్పున రాలుతుంది,
అన్నంలో రాయి పంటికి తగిలినట్టు.
కొత్తది ఎక్కించి బొటనవేలితో తడుముతాను,
అంచుకన్నా వెంట్రుకవాసి లోతుగా ఉండాలి.
తర్వాత మందు.
పుస్తకం చెప్పిన మెత్తటి కొలత, పుస్తకం చెప్పిన రకమే.
ఇంకా మెత్తన చేద్దామని జాలిపడి తగ్గించామా
గుండు గొట్టం మధ్యలో చతికిలబడి
వెనకొచ్చేదానికి దారివ్వదు.

ఘాటు మందుదే నయం.
తొడుగు నిండా ఉంటుంది, రెండోసారి పోస్తే పొర్లి
తప్పు బల్ల మీద పడుతుంది.
ఇదో, వేసవి బావిలో నీళ్ళలా
ఎక్కడో అడుగున.
రెండింతలు పోసినా నోరు మెదపదు.

అందుకే యాభై గుంటల చెక్కలో యాభై నిలబెట్టి
టార్చి వేసి వరస వరసా చూస్తాను.
పోయిన గురువారం నాలుగో వరసలో ఒకదాని అడుగు
కొంచెం పైకి వచ్చినట్టుంది.
ఆ వరసలో ఉండగానే ఫోను మోగింది,
చెల్లెలు బెరిట్, వాళ్ళ కుక్క కాలు సంగతి.
ఆ ఒక్కటే కాదు, యాభై తొడుగులూ
డబ్బాలోకి గుమ్మరించాను.
మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగాను.
తన చెయ్యి కాపాడబోయి తన...
ఆ మాట అక్కడే మింగేశాను.

ఆదివారం, కంకర గుంత దగ్గర, ఆరు.
ఇదివరకు తలుపు విసిరికొట్టినట్టుండేది,
ఇప్పుడు ఎవరో లావుపాటి పుస్తకం మూసినట్టు.
గొట్టం గుర్రప్పిల్లలా తల ఎగరేసి ఊరుకుంది.
రేకు డబ్బా పడింది. ఇంకోటీ పడింది.
కదిలే బండి చప్పుడు విని
ఏ పెట్టెకి బేరింగు అరిగిందో చెప్పిన చెవులవి.
నేను కంకర వంక చూస్తూ నిలబడ్డాను.

"చలికి మందు బద్ధకించినట్టుంది" అన్నాడు.
"అయుంటుంది" అన్నాను.
ఇంకో ఆరు ఎక్కించాడు.

ఆ రాత్రి మంచు సంచి ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది.

ఈ సాయంత్రం కిందికి దిగేసరికి
త్రాసు పక్కన నేను తెప్పించని డబ్బా:
సీసపు గుళ్ళు, అయిదు వందలు,
తను ఎప్పుడూ వెక్కిరించే మెత్తటి రకం.
మూత మీద పెన్సిలుతో,
పట్టు తప్పి ఒరిగిన అక్షరాల్లో

"ఫోను పైన పెట్టి దిగు, ఆర్లిస్."